అమ్మను కాపలా పెట్టిన దిబ్బ

ప్లాన్లు గీసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ ఆఫీసులో జీతం సరిగ్గా ఇస్తారు అని అడుగుతారు. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. నేను రిటైరయ్యేనాటికే నాకన్నా చురుగ్గా గీసేవాళ్లతో ఆఫీసు నిండిపోయింది. నా దగ్గర ఉన్నది ఒక దిబ్బ సంగతి. వాళ్లు అడక్కపోయినా చెబుతాను. చేతిలో టీ కప్పు పెట్టాక లేచి వెళ్లలేరు కాబట్టి వింటారు. మీకు టీ ఇవ్వలేను గానీ, మీరూ కాస్త వినండి.

నేను పుట్టింది బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ట్రాఫిక్ అనే తెలుగు పేటలో, రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న రైల్వే, బాబాయి రైల్వే, మా ఇంట్లో పెళ్లి సంబంధాలు కూడా రైల్వేవే. నాకొక్కదానికే ఆ ఉద్యోగం అందలేదు. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి ఖరిదా బజారులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణం, పైన మేము. స్థలాలు కొలవడం, లేఅవుట్లు గీయడం, వాటిని మంజూరుకు పంపడం మా పని. వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి "డ్రాఫ్ట్స్‌మన్ బాబు ఎక్కడ" అని అడిగేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత "టీ తాగడానికి వెళ్లాడు, కూర్చోండి" అని చెప్పి, వాళ్ల కళ్లముందే వాళ్ల ప్లాను గీసి చేతిలో పెట్టేదాన్ని.

ఆఫీసులో స్థలాలు కొలిచేవాడు ఒక బెంగాలీ ఆయన. అందరికీ దాదా. చిన్నప్పటినుంచి మా పేటలో తిరిగినవాడు కావడంతో ఆయన తెలుగు అచ్చం మా ట్రాఫిక్ తెలుగే. మా అమ్మ ఆయనతో మాట్లాడి, నాకన్నా ఆయన తెలుగే నయమనేది. ఏ స్థలానికి వెళ్లినా ముందు పరికరాలు దింపనిచ్చేవాడు కాదు. మరమరాల పొట్లం చేతిలో పట్టుకుని, నములుతూ, స్థలం మొత్తం ఒకసారి నడిచి వచ్చేవాడు. దారిలో కుండపెంకు కనిపిస్తే జేబులో వేసుకునేవాడు. ఇంట్లో ఆ పెంకుల డబ్బాల మీద ఆయన భార్యకు ఉన్న కోపం అంతా ఇంతా కాదు. అలాగని ఆయనేమీ పండితుడు కాదు. ఏ పెంకు ఏ కాలానిదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా దాన్ని పారేయకూడదన్నదే ఆయన పట్టుదల.

సాలువా వెళ్లే దారిలో ఒక పార్టీ గోడౌన్ల కోసం పెద్ద స్థలం కొన్నాడు. పార్టీ అంటే మా వాడుకలో పని ఇచ్చినవాడు. స్థలమంతా ఎర్రమట్టి, నీలగిరి చెట్లు. కొలతలకు వెళ్లిన దాదా మధ్యాహ్నానికే తిరిగొచ్చి, నన్ను బండెక్కమన్నాడు. ఎండలో తీసుకెళ్లి, చెట్ల మధ్య ఒక దిబ్బ ముందు నిలబెట్టాడు.

దిబ్బ అంటే కొండేమీ కాదు. ఇటు నిలబడితే అటు మనిషి కనపడనంత ఎత్తు, అంతే. వానలకు ఒకవైపు మట్టి జారి, లోపల ఎర్రరాళ్లు బయటపడ్డాయి. తేనెపట్టులా చిల్లులుండే రాయి, ఈ చుట్టుపక్కల ఎక్కడైనా దొరికేదే. కానీ దొరికే రాయి వరసగా, పలకలుగా, ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉండదు. ఎవరో పేర్చారు. పైన, దిబ్బ నడినెత్తిన, మనిషిలా చెక్కిన ఒక నల్లరాయి పాతుకుని ఉంది. తల, భుజాలు, గుండెల దగ్గరికి ఎత్తిన చెయ్యి. చేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు. కత్తో, పువ్వో, ఇద్దరం చాలాసేపు చూసినా తేల్చుకోలేకపోయాం. మొహం అరిగిపోయింది. నడుము కింది భాగమంతా భూమిలోనే ఉంది. వీపు మీద గీతలున్నాయి, అక్షరాల్లాంటివి. నేను చెయ్యి పెట్టి తడిమాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది.

"ఈయన ఎవులో తెలుసుకోకుండా ఈయన నెత్తి మీద గోడౌను కట్టేస్తే ఎలగ దీదీ?" అన్నాడు దాదా.

అదీ సంగతి. ఆ రాతిమనిషి దేవుడో, యుద్ధంలో పోయిన వీరుడో, ఒకప్పుడు అక్కడ గుడి కట్టించిన పెద్దమనిషో, అది తెలియాలి. మా ఇద్దరికీ అంతకుమించి ఏ ఆశా లేదు.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేఅవుట్ కాగితం మీద ఉన్నంతసేపు దేన్నయినా కాపాడటం చాలా తేలిక. రోడ్డును కాస్త జరపవచ్చు, కాలువను తిప్పవచ్చు. ఎంత స్థలంలో ఎంత ఖాళీగా వదలాలో ఎలాగూ నిబంధన ఉంది. ఆ వదిలే ఖాళీ ఏదో దిబ్బ ఉన్నచోటే వదిలితే సరిపోతుంది. నేను అదే చేశాను. ఒక సాయంత్రం కూర్చుని, వెనక మూలన ఉన్న ఖాళీని దిబ్బ మీదకు తెచ్చి, గోడౌన్లను వెనక్కి జరిపాను. మా యజమాని చూసి బాగుందన్నాడు. పార్టీ మాత్రం ఒప్పుకోలేదు. దిబ్బ ఉన్నది రోడ్డు ముఖాన. లారీలు నేరుగా వచ్చి ఆగే చోటు వదిలి, మట్టికుప్పకు మర్యాద చేయడమేమిటన్నాడు. ఆ మాటకొస్తే ఆయన కోపంలోనూ న్యాయం ఉంది.

మా యజమాని తెలివిగా మధ్యలో నిలబడ్డాడు. తెలిసినవాళ్లెవరైనా వచ్చి చూసి, ఇది పాతదే, కదపకూడదు అని రాసిస్తే పార్టీకి నచ్చజెబుతాను, లేదంటే నా చేతుల్లో లేదు అన్నాడు. దాదా సెలవు పెట్టి తిరిగాడు. ఆఫీసులకు వెళ్లాడు, కాలేజీల్లో అడిగాడు. ఎవరూ కసరలేదు, అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోటోలు చూపిస్తే, రాతి చెయ్యి నీడలో పడింది, సరిగా రాలేదన్నారు. చివరికి తవ్వకాల పని తెలిసిన ఒకావిడ స్వయంగా వచ్చి చూస్తానంది, అదీ వానలు తగ్గి దుర్గాపూజలు అయ్యాక. పార్టీ ఏమో వానలు పడేలోగా నేల చదును కావాలని తొందరపడుతున్నాడు. సోమవారం మట్టి తవ్వే యంత్రం వస్తుందని ఫోను వచ్చింది.

ఆ శనివారం ఆఫీసులో దాదా మరమరాలు కూడా ముట్టలేదు. కిటికీలోంచి కిందికి చూస్తూ, ఈ ఊళ్లో రోడ్డు దేనికి ఒంగుతుంది దీదీ అని అడిగాడు. ఊరికే, నిట్టూర్చినట్టు అడిగాడు. గుడికి ఒంగుతుంది అన్నాను నేను. ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది నేనే.

బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఖరగ్‌పూర్ తెలుగు పేటల్లో మాతా పూజలు, అంటే అమ్మవారి జాతరలు, పెద్ద సంబరం. ఘటాలు ఎత్తుతారు, పసుపునీళ్లు పోస్తారు, వేపమండలు పట్టుకుని అమ్మ వెనక వీధులన్నీ నడుస్తారు. బెంగాలీలు, ఒడియావాళ్లు, బీహారువాళ్లు అందరూ దారి ఇచ్చి దణ్ణం పెడతారు. మా బాబాయి భార్య, మా పిన్ని, ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి ఘటం ఎత్తిన మనిషి. ఆవిడ పసుపు రాసిన రాయిని కదిపే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. నేను ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లాను.

అక్కడ అమ్మ ఉందని నీకెవరు చెప్పారని అడిగింది పిన్ని. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరూ చెప్పలేదని, యంత్రం ఆగాలని, వానలు వెళ్లేదాకా ఆగితే చాలని మొత్తం చెప్పాను. ఆవిడ చాటలోని బియ్యం ఏరడం పూర్తిచేసి చాట పక్కన పెట్టింది.

"అమ్మని పిలడం మన సేతిలో ఉంటాది పాపా. ఎల్లమనడం ఉండదు," అంది చివరికి. "వానలు ఎల్లిపోయినాక నువ్వొచ్చి, ఇంక సాలు పిన్నీ, తీసీ అంటే నా వొల్ల కాదు. ఆలోసించుకో."

ఆలోచించుకున్నానని చెప్పాను. నిజానికి ఆలోచించుకోలేదు. తన చేతుల్లో పెరిగిన పిల్ల అడిగిందని ఆవిడ కాదనలేకపోయింది.

ఆదివారం పొద్దున ఆటోలో పిన్నీ, ఇంకో ఇద్దరు ముత్తయిదువులూ, నేనూ, వెనక బండి మీద దాదా వెళ్లాం. నేను ఒక నాటకమని అనుకుంటూ వెళ్లాను. పిన్ని నాటకం ఆడలేదు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, నిజంగానే పిలిచింది. దిబ్బ చుట్టూ నీలగిరి చెట్లకు ఎర్రగుడ్డ కట్టాం. దాదా చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు.

సోమవారం స్థలం దగ్గర పని ఉందని ఆఫీసులో చెప్పి నేనూ వెళ్లాను. యంత్రం వచ్చింది. దాన్ని నడిపే అతను బీహారువాడు, పెద్ద మీసాలు. ఎర్రగుడ్డ చూసి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, చెప్పులు దూరంగా విడిచి, వచ్చి మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. పార్టీ తరఫు మనిషి, నిన్నమొన్నటిదాకా ఇక్కడేమీ లేదని అరిచాడు. మాత ఎప్పుడు వెలుస్తుందో నిన్ను అడిగి వెలుస్తుందా అన్నాడు డ్రైవరు. ఇంకో డ్రైవరును పిలిపించారు. అతనూ అంతే. మధ్యాహ్నానికి పార్టీయే కారులో వచ్చాడు. కోపంగా వచ్చినవాడు తలకు చేతిరుమాలు కప్పుకుని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం మా యజమానికి ఫోను చేసి, ఆ దిబ్బ వదిలేయండి, దీదీ గీసిన ప్లానే పంపండి అన్నాడు.

నా ఉద్యోగంలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు. దాదా రసగుల్లాల హండీ తెచ్చాడు. ఎవరితోనూ గొడవ పడలేదు, పై అధికారిని ఎదిరించలేదు, కోర్టుకు వెళ్లలేదు, పార్టీ చేజారలేదు. ఎవరి ఒంటి మీదా గీత పడకుండా దిబ్బ మిగిలింది. అంత హాయిగా పని అయిపోయినప్పుడు కాస్త అనుమానించాలని నాకు అప్పుడు తెలియదు.

వానలు మొదలయ్యాయి. మాకు వేరే ఊరి పని పడింది, రోజూ బస్సులో పోయిరావడం. మంగళవారాలు ట్రాఫిక్ నుంచి ఆడవాళ్లు దిబ్బ దగ్గరికి వెళ్తున్నారని పిన్ని చెబితే, మంచిదే, ఊరికే కాపలా దొరికిందనుకున్నాను. సాలువా చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ రావడం మొదలుపెట్టారు. వాళ్ల ఆచారం ప్రకారం మొక్కుకుని మట్టి గుర్రాలు, మట్టి ఏనుగులు తెచ్చి పెట్టారు. ఎవరి పిల్లకో జ్వరం తగ్గింది. ఎవరికో ఉద్యోగం వచ్చింది. గుడి కట్టాలని కమిటీ ఏర్పడింది.

ఆ తర్వాత జరిగినవన్నీ మంచిమనసుతో జరిగినవే. వానలో దిబ్బ ఎక్కుతూ ఒక ముసలామె జారిపడింది. పాపం, ఆడవాళ్లు పడిపోతున్నారని ఎవరో గునపాలు తెచ్చి దిబ్బకు మెట్లు కొట్టారు. నీళ్లు నిలుస్తున్నాయని ఎవరో లారీడు మట్టి పోయించారు. షామియానా గుంజలకు గోతులు తీశారు. పైన పదిమంది కూర్చోవడానికి చోటు లేదని దిబ్బ నెత్తిని చెక్కి చదును చేశారు. చదును చేస్తుంటే లోపలినుంచి ఎర్రరాళ్లు ఎన్ని కావాలంటే అన్ని వచ్చాయి. అమ్మే తన గుడికి రాళ్లిస్తోందని అందరూ కళ్లకద్దుకుని, వాటిని పగలగొట్టి అరుగుకు వేశారు.

దాదా ఒకరోజు వెళ్లి చూసి, తడిసిన బట్టలతో నేరుగా మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. "దీదీ, ఒకసారి ఎల్దాం రా," అన్నాడంతే.

మేం వెళ్లేసరికి నల్లరాయిని పెకలించి, అరుగు మీద నిలబెడుతున్నారు. కమిటీ పెద్ద రైల్వేలో రిటైరైన మనిషి, మా నాన్నకు తెలిసినవాడు, నెమ్మదస్థుడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు. నేను కూర్చోకుండా, పాతకాలపు సంగతులు తెలిసినవాళ్లు వచ్చి చూస్తారని, అప్పటిదాకా ఏ రాయినీ కదపొద్దని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"సూడనియ్యండి తల్లీ, సంతోషం కదా. పూజలు అయిపోయేటప్పటికి టైల్సు కూడా పడిపోతాయి. ఆలొచ్చేసరికి సక్కగా ఉంటాది," అన్నాడు. "మీరు మొదలెట్టినారు. మేం పూర్తి సేస్తన్నాం."

ఇక్కడ అమ్మ లేదు, మేం యంత్రాన్ని ఆపడానికి పెట్టించాం అని ఆ క్షణాన చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఎదురుగా, చంటిబిడ్డను అరుగు మీద పడుకోబెట్టి ఒక తల్లి దణ్ణం పెట్టుకుంటోంది. ఆమె ముందు ఆ మాట ఎలా అనను? దాదా నా మొహంలోకి చూశాడు. ఆయనా అనలేకపోయాడు. పైగా ఆ టైల్సు ఇచ్చింది ఎవరనుకున్నారు? పార్టీయే. గోడౌన్ల ముఖాన అమ్మవారు ఉంటే కలిసొస్తుందని ఆయనకు ఎవరో చెప్పారట.

పిల్లలూ, దీని మీద నేను చాలా ఆలోచించాను, ఆలోచించడానికి రిటైరయ్యాక బోలెడంత తీరిక దొరికింది. భక్తుల మీద నాకు కోపం లేదు. అమ్మ చోటును అందంగా చేసుకోవడం వాళ్ల ధర్మం. గుడి అన్నాక పాతరాయి మీద కొత్త రంగు పడుతుంది, అది గౌరవం. దిబ్బకు కావలసింది మాత్రం ఆ గౌరవం కాదు. ఎవరూ ముట్టుకోకపోవడం కావాలి దానికి. ఈ రెండూ ఒకటి కాదని పేటలో పుట్టి పెరిగిన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మేం చేయాల్సిన పని వేరే ఉంది. పార్టీ ముందు కూర్చుని, నిపుణులు వచ్చేదాకా ఈ ప్లాను మేం ఇవ్వం అని చెప్పాల్సింది. ఊరి పెద్దలను కలవాల్సింది, అధికారుల గుమ్మాల ముందు నిలబడాల్సింది, తిట్లు తినాల్సింది. దానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ ధైర్యం మా దగ్గర లేక, మా బదులు నిలబడమని అమ్మను పంపాం. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో తల వంగిపోతుంది.

దుర్గాపూజలు వెళ్లాక, మాట ఇచ్చినట్టే, ఆవిడ వచ్చింది. తవ్వకాలు తెలిసిన ఆవిడ. వయసులో నాకన్నా చిన్న. భుజాన సంచి, చేతిలో టేపు, చిన్న కుంచె. కలకత్తా నుంచి పొద్దుటి బండికి దిగింది. దాదా, నేను స్టేషనుకు వెళ్లి తీసుకొచ్చాం. ముందే చెప్పి వద్దనాల్సింది, కానీ ఏదైనా మిగిలి ఉంటుందేమోనన్న ఆశ ఇద్దరికీ ఉంది.

టైల్సు మొదలయ్యేచోట ఆవిడ బూట్లు విప్పింది. ఎక్కడ దిబ్బ అని అడిగింది. ఇదే అన్నాను. ఆవిడ ఒకసారి చుట్టూ చూసింది. తర్వాత రాతిమనిషి దగ్గరికి వెళ్లింది. పసుపురంగు ఎనామిల్ పూసి, వెండి కళ్లు అతికించి, పట్టుచీర కట్టారు. చేతిలో త్రిశూలం నిలవడానికి ఆ చేతిలో ఉన్నదాన్ని ఉలితో చెక్కేశారు. వీపు గోడకు ఆనించి సిమెంటు చేశారు. గీతలున్న వైపు అదే. చేతిలో ముందు ఏముండేదని ఆవిడ అడిగితే, కత్తో పువ్వో, తేల్చుకోలేకపోయామని దాదా బెంగాలీలో చెప్పాడు. రాయి మొదట ఏ చోట పాతి ఉండేదని అడిగింది. అక్కడ ఇప్పుడు కాళ్లు కడుక్కునే కుళాయి ఉంది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అరుగు చివర కూర్చుని, మట్టి పొరలు ఏది కింద ఏది పైన ఉన్నాయో దాన్నిబట్టే కాలం తెలుస్తుందని, ఇక్కడ అన్నీ కలిసిపోయాయని నాకు ఓపిగ్గా వివరించింది. యంత్రం వచ్చి దిబ్బను సగానికి కోసి వదిలేసినా, కోసిన అంచున కనిపించే పొరలనైనా కొంత చదవగలిగేదాన్నని అంది. ఇక ఈ మనిషి ఎవరో చెప్పడం తనవల్ల కాదంది. ఆ మాట విని దాదా లేచి నీలగిరి చెట్లవైపు వెళ్లిపోయాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అది మంగళవారం. కాసేపటికి ఆడవాళ్లు పులిహోర గిన్నెలతో వచ్చారు. కలకత్తా నుంచి అమ్మను చూడటానికి ఎవరో వచ్చారని వాళ్లకు ఒకటే సంబరం. ఆవిడకు బొట్టు పెట్టి, ఆకులో ప్రసాదం ఇచ్చారు. ఆవిడ మర్యాదగా తీసుకుని, ఈ చోట గోడౌన్లు కట్టకుండా ఎవరు ఆపారని హిందీలో అడిగింది. వాళ్లు నన్ను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చారు.

"ఈ అమ్మేనండి కాపాడినాది," అందొకామె. "ఈవిడే నేకపోతే ఈ పాటికి ఇక్కడ ఏటీ మిగిలీది కాదు."

ఆవిడకు తెలుగు రాదు. ఏమంటున్నారని నన్నే అడిగింది. దాదా ఇంకా చెట్ల దగ్గరే ఉన్నాడు, చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు. చేతిలో పులిహోర ఆకు పట్టుకుని, వాళ్లన్న మాట ఒక్కటీ వదలకుండా హిందీలో చెప్పాను.